చేతి పనిముట్లతో ఒక పనిబల్ల
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం నేను మాట్లాడబోయేది పనిబల్ల గురించి. వడ్రంగి నిలబడి పనిచేసుకోవడానికి వాడే బరువైన బల్ల, అందరూ వర్క్‌బెంచ్ అనేది. కరెంటు మిషన్ల జోలికి పోకుండా రంపం, ఉలి, రందా, సుత్తులతో షార్జాలోని మా అపార్టుమెంటులో దాన్ని ఎలా చేసుకున్నామో చెబుతాను. "ఎడారిలో వడ్రంగమేమిటండీ, కొట్టుకెళ్ళి కొనుక్కోక" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ముందు ఆ సంగతే చూద్దాం.

ఈ గల్ఫు తీరం చెట్లు తక్కువున్న చోటే కానీ వడ్రంగం లేని చోటు కాదు. ఇక్కడి చెక్క ఓడలకు టేకు మన మలబారు తీరం నుంచి వచ్చేది. పాత ఇళ్ళ కప్పులకు మడచెట్ల వాసాలు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చేవి. ఆ వాసాల పొడవును బట్టే గది వెడల్పు ఉండేది. ఓడ కట్టే వడ్రంగిని ఇక్కడ గల్లాఫ్ అంటారు. కాగితం మీద బొమ్మ గీసుకోకుండా, ముందు బయటి పలకలు కూర్చి, తర్వాత లోపలి పక్కటెముకలు బిగించడం వాళ్ళ పద్ధతి. ఇనుప మేకులు రాకముందు పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. 1980లో టిమ్ సెవెరిన్ అనే నావికుడు ఒమాన్‌లోని సూర్ రేవులో ఒక్క మేకు లేకుండా అలాంటి ఓడనే కట్టించి చైనా దాకా వెళ్ళాడు. మన గోదావరి ప్రాంతంలో కోరంగి, తాళ్ళరేవు వాళ్ళకు ఈ విద్య కొత్త కాదు. అంచేత ఇక్కడ కూర్చుని చెక్క పని చెయ్యడం వింతేమీ కాదని నా మనవి.

ఇకపోతే నాకు పని నేర్పిన పెద్దాయన గురించి చెప్పాలి. ఊరు జగిత్యాల దగ్గర. తాతల నాటి నుంచి వడ్రంగం. నాగళ్ళు, బండి చక్రాలు, ద్వారబంధాలు చేసిన చెయ్యి. కార్పెంటర్ వీసా అంటే ఆ పనే అనుకుని ఇక్కడికి వచ్చాడు. ఇచ్చింది షట్టరింగు పని. అంటే కాంక్రీటు పొయ్యడానికి ప్లైవుడ్ పెట్టెలు కట్టడం, మేకులు కొట్టడం, కాంక్రీటు గట్టిపడ్డాక ఊడదీయడం. మన తెలంగాణ, కోనసీమల నుంచి కార్పెంటర్లమని వచ్చిన వాళ్ళలో ఎంతోమంది కథ ఇదే. అదీ కష్టమైన పనే, నేర్పు కావలసిన పనే, కాదనను. కానీ అందులో ఉలికి పని లేదు, రందాకు పని లేదు. "పద్దెనిమిది ఏండ్లసంది మొలలు కొట్టుడే సారూ" అన్నాడాయన పరిచయమైన కొత్తలో. సెలవు రోజున మా ఇంటికి రమ్మని అడిగాను. వచ్చాడు. అలా 11 ఆదివారాలు వచ్చాడు.

ఆయనకు పనిబల్ల అంటే ఏమిటో నేను చెప్పాల్సి వచ్చింది. ఆశ్చర్యపోకండి. మన సంప్రదాయ వడ్రంగికి బల్ల లేదు. "మా నాయిన ఎన్నడు నిలవడి పని జెయ్యలే. కింద కూసోని, కట్టెను కాలితోని తొక్కిపట్టి చెక్కెటోడు" అన్నాడు. కాలి వేళ్ళే మనవాళ్ళ పట్టుకారు. జపాన్ వడ్రంగులూ చాలావరకు నేల మీదే పనిచేశారు. నిలబడి రందా తొయ్యడం ఐరోపా అలవాటు. అక్కడి బల్లల తీరు ఆంద్రె రూబో అనే ఫ్రెంచి వడ్రంగి 18వ శతాబ్దంలోనూ, పీటర్ నికల్సన్ అనే స్కాట్లండు ఆయన 1812లోనూ బొమ్మలు వేసి పుస్తకాల్లో పెట్టారు. 2007లో క్రిస్టొఫర్ ష్వార్జ్ అనే అమెరికన్ ఆ పాత బల్లల్ని తిరిగి కట్టి పుస్తకం రాశాక, ఇళ్ళలో సరదాగా వడ్రంగం చేసేవాళ్ళు మళ్ళీ వాటి వైపు చూశారు. మేము ఎంచుకున్నది నికల్సన్ తరహా. దానికి రెండు పక్కలా వెడల్పాటి పలకలు దిగుతాయి. ఆ పలకల వల్లే బల్ల ఊగదు. సన్నటి చెక్కతో కూడా గట్టిగా నిలుస్తుంది.

చేతి పనిముట్లే ఎందుకంటే, అపార్టుమెంటు గనుక. కరెంటు రంపానికి చప్పుడు, మెత్తటి పొడి రెండూ ఎక్కువ. రందా పడితే వచ్చేది చుట్టలు చుట్టలుగా చెక్క పొర. చీపురుతో ఊడ్చేయవచ్చు. ఉలిపని మాత్రం చప్పుడే. అది పొద్దున్న పది దాటాక, కింద రబ్బరు పట్టా వేసుకుని చేశాం.

చెక్క షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో కొన్నాం. వైట్‌వుడ్ అని అమ్ముతారు. దేవదారు జాతి మెత్తటి కర్ర, చవక. అక్కడి వర్క్‌షాపుల్లో తెలుగు, మలయాళం, పంజాబీ, బెంగాలీ వాళ్ళందరి మధ్యా నడిచేవి రందా, ఆరీ, గునియా అనే హిందీ, ఉర్దూ మాటలే. గునియా అంటే మూలమట్టం, ఆరీ అంటే రంపం. పెద్దాయన ఒక్కొక్క పలకనూ కంటి ముందు ఎత్తి పట్టుకుని వంకర చూశాడు. ముడులు ఎక్కువున్నవి, నడిమి గుజ్జు కనిపించేవి పక్కన పెట్టాడు. గంటన్నర పట్టింది. కొట్టు కుర్రాడు విసుక్కున్నాడు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఈ దేశంలో చెక్కకు రెండు వాతావరణాలు. వేసవిలో తీరం పక్కన బయట ఉక్క, ఇంట్లో ఏసీ వల్ల పొడి. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుంటుంది. నిలువునా దాదాపు ఏమీ మారదు, అడ్డంగా మారుతుంది. 25 సెంటీమీటర్ల వెడల్పు పలక 3, 4 మిల్లీమీటర్లు పెరగడం, తరగడం మామూలే. అందుకని తెచ్చిన రోజే కొయ్యకూడదు. పలకల మధ్య సన్నని కర్రముక్కలు పెట్టి గాలి ఆడేలా పేర్చి, బల్ల ఉండబోయే గదిలోనే మూడు వారాలు వదిలేశాం.

కొలతలు చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. పొడవు 150 సెంటీమీటర్లు. లిఫ్టులో పట్టాలి కదా. పైన రెండు పలకలు, ఒక్కోటి 25 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మందం. వాటి మధ్య ఒక సెంటీమీటరు సందు, ఉబ్బడానికి చోటన్నమాట. కాళ్ళు 9 సెంటీమీటర్ల చదరం. ఎత్తుకు టేపు అక్కర్లేదు. నిటారుగా నిలబడి చేతులు వదిలేసి అరచెయ్యి నేలకు సమంగా మడవండి. అది ఆనేదే మీ ఎత్తు. నాకు 84 వచ్చింది. అంతకన్నా ఎత్తయితే రందా తోసేటప్పుడు ఒంటి బరువు పడక భుజాలు పట్టేస్తాయి.

మొదటి పని పదును. చదునైన అద్దం మీద నీటి కాగితం అంటించి ఉలుల వీపు నునుపు చేసి, తర్వాత సానరాయి మీద నూరాం. చెక్క అడ్డకోతను ఉలి చిదపకుండా మెరిసేలా కొయ్యాలి. అదీ పరీక్ష. రంపాలు రెండు కావాలి. పొడవుకోత రంపం పళ్ళు చిన్న ఉలుల్లా ఉంటాయి, అడ్డకోత రంపం పళ్ళు కత్తుల్లా ఉంటాయి. ఒకదాని పని రెండోదానితో చేస్తే చెయ్యి నొప్పి, కోత వంకర.

పలక మెలిక చూడటానికి ఆయన రెండు తిన్నని పట్టెలు తీసుకుని ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి పెట్టి, ఒంగి ఒకదాని మీదుగా రెండోదాన్ని చూశాడు. రెండు అంచులూ సమంగా కనిపిస్తే పలక తిన్నన. లేకపోతే ఎత్తుగా ఉన్న మూలల్లో రందా పట్టాలి. మా పదకొండేళ్ళ అబ్బాయికి ఈ ఆట బాగా నచ్చి, ఇంట్లో భోజనాల బల్ల, పుస్తకాల అలమర, మంచం అన్నీ పరీక్షించాడు. ఒక్కటీ నెగ్గలేదు.

కాళ్ళు రెండేసి చొప్పున పైనొక అడ్డపట్టె, కిందొక అడ్డపట్టెతో కలిపి రెండు చట్రాలు చేశాం. మొత్తం 8 అతుకులు. పట్టె కొసను నాలుకలా కోసి, కాలికి తొలిచిన గుంటలో దింపడం. జిగురు వాడలేదు. కాలికీ నాలుకకూ విడివిడిగా బెజ్జాలు వేసి, నాలుక బెజ్జాన్ని దాని మొదలు వైపు ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిపాం. గట్టి కర్ర సీల కొట్టగానే అది రెండింటినీ దగ్గరికి లాగి బిగించేస్తుంది. మొదటి సీల దిగినప్పుడు ఆయన సుత్తి పక్కన పెట్టి అతుకును బొటనవేలితో రాసి చూశాడు. వేలికి సందు తగల్లేదు. "చెయ్యి మర్శిపోలే" అన్నాడు. ఆ మాట నాతో అన్నది కాదు.

పక్కపలకల్ని కాళ్ళకు 8 బోల్టులతో బిగించాం. పైపలకలకు నడిమి గీత మీద మాత్రమే మరలు. అంచుల్లో బిగిస్తే పలక కదలలేక చీలుతుంది. మొత్తం బల్ల బరువు 40, 45 కిలోలుంటుంది. బోల్టులు విప్పితే అరగంటలో ముక్కలైపోతుంది. ఇల్లు మారినా, వీసా ముగిసి దేశం మారినా కారులో వేసుకుపోవచ్చు. ఇక్కడ ఉండేవాళ్ళకు అది చిన్న సౌకర్యం కాదు.

నిలబడి రందా పట్టడం ఆయనకు మొదటి రెండు వారాలు ఇబ్బంది పెట్టింది. మూడో వారం "మోకాళ్ళు నొస్తలేవు తమ్మీ" అన్నాడు. సారు పోయి తమ్మి వచ్చింది. ఆయనకు 57 ఏళ్ళు. వచ్చే ఏడు ఊరికి వెళ్ళిపోతాడు. నేల మీద కూర్చుని పనిచేసే వయసు దాటిపోయిందనీ, ఇక ఇంటి పని తనవల్ల కాదనీ అనుకుంటూ ఉన్నాడు. వెళ్ళే ముందు ఒక కర్రపట్టె మీద మా బల్ల కొలతలన్నీ పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాడు. కాలి పొడవు ఇంత, గుంట ఇక్కడ, బెజ్జం ఇక్కడ అని. అంకెలు లేవు, గీతలే. ఎత్తు మాత్రం తన అరచేతికి పెట్టుకున్నాడు. ఊళ్ళో తుమ్మతో, వేపతో చేసుకుంటాడట. ఆయన కొడుకు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. ఈ పని రాదు. మా వాడికి ఇప్పుడు రందా పట్టడం కొద్దిగా వచ్చు. ఆ ఇంటి విద్య ఈ ఇంటికి చేరడం సంతోషమో, కాదో, నేను చెప్పలేను. ఆ మాట నేనెత్తితే ఆయన, "ఎవలకో ఒకలకు వస్తె సాలు" అన్నాడు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న శ్రోతలకు గరాజులుంటాయి కాబట్టి మీ పని ఇంకా సులువు. అక్కడ ఇళ్ళు కట్టడానికి అమ్మే మామూలు పైన్ కర్ర చాలు. పలకను మీ ఇంటి గాలికి అలవాటు పడనివ్వండి, ఎత్తు మీ చేతికి పెట్టుకోండి, అంచుల్లో మర బిగించకండి. గల్ఫులో ఉన్నవాళ్ళకు ఇంకొక్క మాట. మీ భవనం పక్కన కట్టడం పని జరుగుతుంటే, అక్కడి హెల్మెట్లలో ఒకటి మన వడ్రంగిది కావచ్చు. ఇక్కడ యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని నిషేధం. ఆ వేళ వాళ్ళు నీడన కూర్చుని ఉంటారు. చల్లటి నీళ్ళ సీసా ఒకటి ఇచ్చి, ఊళ్ళో ఏం పని చేసేవారన్నా అని తెలుగులో అడగండి. పలికేవాళ్ళుంటారు.