కోటగడ్డకు దారి చూపువారు

హైదరాబాదు నుండి సంగారెడ్డికి పోవు రాజమార్గముమీద ప్రయాణించువారికి కర్మాగారములే అధికముగా కనబడును. రామచంద్రాపురము దాటినంతనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చును. ఈ పటాన్‌చెరువే ఒకప్పటి పొట్టలకెరె. జగదేకమల్లుడను బిరుదు వహించిన కళ్యాణి చాళుక్యరాజు రెండవ జయసింహునకు 11వ శతాబ్దమున ఇది నెలవు. ఇచ్చట దొరికిన జైన తీర్థంకర విగ్రహములు హైదరాబాదు మ్యూజియమునకు చేరినవి. అచ్చటి సందర్శకులు వానిని చూచి మెచ్చుకొందురు. ఇచ్చటి కార్మికుల బిడ్డలకు మాత్రము తమ ఊరి పాతపేరు చెప్పువారు అరుదు.

స్వాతంత్ర్యము వచ్చి 75 ఏండ్లు నిండిన సందర్భమున కేంద్ర పర్యాటకశాఖ విద్యాలయములలో యువ టూరిజం క్లబ్బులను నెలకొల్పు కార్యక్రమము చేపట్టినది. ప్రాజెక్టు అనగానే రంగుల అట్టమీద నాలుగు చిత్రములు అంటించి గోడకు తగిలించుట మనకు అలవాటు. సంగారెడ్డి ప్రాంతపు విద్యార్థులు చేయదగిన పని అంతకంటె చాల ఉన్నదని మేము తలచుచున్నాము.

కొండాపూర్ సంగతి చూడుడు. ఐ.టి. కార్యాలయములున్న హైదరాబాదు కొండాపూర్ కాదు; సంగారెడ్డికి ఆవలి పల్లె. పేరు ఒకటే యగుటచే దారి తప్పు ప్రమాదము కలదు గనుక, విద్యార్థుల మొదటి సేవ సరియైన దారి చెప్పుటయే కావచ్చును! ఊరికి సుమారు కిలోమీటరు దూరమున నున్న దిబ్బను జనులు కోటగడ్డ యందురు. 1940-42 సంవత్సరములలో నిజాము ప్రభుత్వ పురావస్తుశాఖ అచ్చట త్రవ్వగా శాతవాహనుల నాటి పట్టణము బయల్పడినది. ఇటుక కట్టడములు, బౌద్ధనిర్మాణముల పునాదులు, సీసపు నాణెములు, రాగి నాణెములు, పూసలు, తెల్లని మెత్తమట్టితో చేసిన చక్కని బొమ్మలు దొరికినవి. రోమను చక్రవర్తి ఆగస్టసు బంగారు నాణెము కూడ లభించినది. ఎక్కడి రోము, ఎక్కడి మంజీరాతీరము!

ఇంత చరిత్ర కల దిబ్బ, ఎరుగనివాని కంటికి వట్టి మట్టిదిబ్బయే. గోపురము లేదు, శిఖరము లేదు. చెప్పువాడు లేనిచో వచ్చినవాడు పది నిమిషములలో వెనుదిరుగును. ఈ లోటు తీర్చగలవారు విద్యార్థులు. ప్రక్కనున్న మ్యూజియములోని నాణెమును, బొమ్మను క్షుణ్ణముగా పరిశీలించి, ఇది ఏమి, ఎట్లు చేసిరి, ఏ త్రవ్వకమున దొరికినది అని పామరునకు బోధపడునట్లు చెప్పుట నేర్వవలెను. తెలియని చోట కట్టుకథ అల్లరాదు. వానలకు పైకి తేలు పెంకులను, పూసలను జేబులో వేసికొనరాదనియు వారే చెప్పవలెను.

సంగారెడ్డి పాతజైలుకు ఇట్టి కష్టము లేదు. 1796లో కట్టిన ఆ భవనమును 2016లో మ్యూజియముగా తీర్చి, 500 రూపాయలు చెల్లించినవారు ఒక దినము ఖైదీవలె గడపవచ్చునని ప్రకటించగా పత్రికలన్నియు వ్రాసినవి. వినోదము తనంతట తాను జనులను పిలిచికొనును. కోటగడ్డకు నోరు లేదు.

మంజీరా తీరమున కల్పగూరు ఆలయమును, మొసళ్లకు ఆశ్రయమైన అభయారణ్యమును చూపునపుడు నక్కవాగు మాట దాచనక్కరలేదు. పటాన్‌చెరు కర్మాగారముల మురుగునీటిచే చెడిన ఆ వాగు గోడు 1990లో సుప్రీంకోర్టుకెక్కినది. ఆ వాగు మంజీరాలోనే కలియును.

పర్యాటకులనగా దూరదేశస్థులే యని భావింపనేల? బీహారు నుండియు, ఒడిశా నుండియు వచ్చి ఈ ప్రాంతమున పనిచేయు కార్మికులు వేలకొలది కలరు. సెలవుదినమున వారిని కుటుంబములతో కొండాపూర్ తీసికొనిపోయి, వారి భాషలో నాలుగు మాటలు చెప్పగల విద్యార్థి ఉన్నచో అది ఉత్తమమైన ప్రాజెక్టు. ఆదివారము అందుకు అనుకూలము. మ్యూజియమునకు సెలవు శుక్రవారము.