లెక్క సరే, గాలి ఏదీ?

(మన పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా వృత్తి గురించి నాలుగు ముక్కలు, అందరికీ అర్థమయ్యేలా చెప్పమన్నారు నిర్వాహకులు. కోల్డ్ స్టోరేజీలకు కూలింగ్ కాయిల్స్ ఎంపిక చేయడం నా పని. దాని మొదటి పాఠం నాకు ఇక్కడే, తొమ్మిదో తరగతి గదిలో దొరికింది.

మా ఫిజిక్స్ మాస్టారు ఒకరోజు వేడి టీ తెప్పించి సాసర్లో పోశారు. "ఇప్పుడెందుకు తొందరగా చల్లారుతుందిరా?" అన్నారు. "వెడల్పుగా పరుచుకుంది కాబట్టి" అన్నాం. "మరి ఊదుకుని తాగుతామెందుకు?" అన్నారు. ఎవరమూ నోరు మెదపలేదు. "పైనున్న గాలి వేడెక్కి అక్కడే కూర్చుంటుంది. దాన్ని తరిమి కొత్త గాలిని తేవాలి" అని చెప్పి, ఊదుకుంటూ తాగేశారు.

మీ కారు రేడియేటర్‌లో, ఇంటి ఏసీలో ఉన్నది ఆ సాసరే. గాలికి వేడిని అందుకునే శక్తి తక్కువ. దాని ఉష్ణవాహకత నీటిలో ఇంచుమించు 23వ వంతు. గొట్టం లోపలి ద్రవం వేడిని చకచకా ఇచ్చిపుచ్చుకుంటుంది. బయట గాలి దగ్గరే పని నత్తనడక నడుస్తుంది. అందుకే గొట్టాలకు పలుచని అల్యూమినియం రేకులు తొడిగి, గాలికి తగిలే వైశాల్యాన్ని ఎన్నో రెట్లు పెంచుతారు. వాటినే ఫిన్స్ అంటాం.

అయితే ఫిన్స్ దగ్గరయ్యేకొద్దీ గాలి దారి ఇరుకవుతుంది. అదే కాయిల్ గుండా రెండింతల గాలిని తోయాలంటే ఫ్యాన్‌కు కావలసిన కరెంటు రమారమి ఎనిమిదింతలు.

ఇదంతా తెలిసీ నేను తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి అంగుళానికి 10 ఫిన్స్ ఉన్న కాయిల్ ఎంపిక చేశాను. కాయిల్ చిన్నదైంది, ఖర్చు తగ్గింది, కాగితం మీద సామర్థ్యం సరిపోయింది. మెచ్చుకున్నారు కూడా.

ఏప్రిల్‌లో సరుకు దించే రోజులు. తలుపులు మాటిమాటికీ తెరుస్తారు. లోపలికొచ్చిన తేమ కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. ఫిన్స్ మధ్య సందు రెండున్నర మిల్లీమీటర్ల లోపే. రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు మంచు పట్టిందా, దారి మూసుకుపోయినట్టే.

ఒక రాత్రి ఫోన్ వచ్చింది. నేను వెళ్ళేసరికి 6 డిగ్రీలుండాల్సిన గది 13కి ఎక్కింది. ఫ్యాన్లు హోరుమంటున్నాయి. నేను లెక్కల కాగితాలు తిరగేస్తున్నాను. అక్కడి పాత ఆపరేటరు తూకం చీటీ ఒకటి తీసి కాయిల్ ముందు వదిలాడు. అది తిన్నగా నేల మీద పడింది.

"లెక్క సరే సార్, గాలి ఏదీ?" అన్నాడు.

బయట అరుగు మీద ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. మంచి ధర కోసం దాచుకున్న ఏడాది కష్టం లోపలుంది. మిర్చికి తేమ తగిలి రంగు పోతే ధరా పోతుంది. తెల్లవార్లూ కాయిల్ మీద నీళ్ళు కొట్టి మంచు కరిగించాం. సరుకు దక్కింది. కానీ లోపం తయారీలో లేదు, నా ఎంపికలోనే ఉందని యజమానికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. తరువాత అంగుళానికి 4 ఫిన్స్‌తో, ఎక్కువ వరుసల గొట్టాలతో పెద్ద కాయిల్ పెట్టాం. ఖర్చు పెరిగింది, గాలి ఆడింది.

ఇప్పటికీ ఏ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళినా ముందు జేబులోంచి కాగితం ముక్క తీస్తాను. మీరూ ఏసీ సరిగ్గా చల్లబరచకపోతే గ్యాస్ అయిపోయిందనుకునే ముందు, బయటి యూనిట్ ఫిన్స్‌లో దుమ్ము చూడండి.

మా మాస్టారు ముందు వరుసలోనే ఉన్నారు. మాస్టారూ, నేను సాసరు గుర్తుపెట్టుకున్నాను, ఊదడం మరిచిపోయాను. ఆ పాఠం మళ్ళీ చెప్పింది ఆ ఆపరేటరు. మీ ఇద్దరికీ నమస్కారం.