మహానగరము – తల్లి ఊరు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



‘మెట్రోపాలిస్’ను మనము మహానగరమని తెనిగించుకొన్నాము. 1992 నాటి రాజ్యాంగ సవరణలో అందుకు కొలత పది లక్షల జనము. కోటి దాటితే ‘మెగాసిటీ’ అంటారు. 2011 లెక్కలలో మన ముంబయి, పరిసరాలతో కలిసి, 1.84 కోట్లు.

కాని గ్రీకులో ఆ మాటకు అర్థము తల్లి నగరము. వలస వెళ్లినవారు తాము విడిచి వచ్చిన ఊరిని అలా పిలుచుకొనేవారు. మన అనువాదములో పెద్దరికము మిగిలినది, తల్లి తప్పిపోయినది.

తెలంగాణము నుండి వచ్చిన కామాఠీలు కట్టుబడి పనులలో చెమటోడ్చిన నగరమిది. కామాఠిపుర పేరే అందుకు సాక్ష్యము. ముంబయి మనకు పెంచిన తల్లి. కన్నతల్లి వంటి ఊరిని ఎరుగని మన పిల్లలకు ఆమెను చూపగలది ఇంటి తెలుగే. ఈ ఉగాది నుండి దానిని మాననీయక కాపాడుకొందాము.