తుఫాను రాత్రి మాట చేరే దారి: డిజిటల్ వైర్‌లెస్ ప్రమాణాలు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గోసాని నువాగాం వాసులకు 2013 అక్టోబర్ 12వ తేదీ రాత్రిని ఎవరూ గుర్తు చేయవలసిన పని లేదు. బరంపురానికి కూతవేటు దూరంలోనే, గోపాల్‌పూర్ వద్ద, ఫైలిన్ తుఫాను తీరం దాటినది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లకు చేరినది. కరెంటు పోయినది. సెల్‌ఫోన్ టవర్లు ఒకదాని వెంట ఒకటిగా మూగవోయినవి. చేతిలో ఫోను ఉన్నది, అందులో అందరి నంబర్లూ ఉన్నవి, కాని పక్క వీధిలోని బంధువు క్షేమమో కాదో తెలుసుకొనే దారి లేదు. ఆ రాత్రి మాట ఎక్కడైనా నడిచినదంటే అది ప్రధానంగా పోలీసు, అగ్నిమాపక, సహాయ దళాల చేతుల్లోని వైర్‌లెస్ సెట్ల మీదనే.

అంతకు 14 సంవత్సరాల ముందు, 1999 అక్టోబర్‌లో, ఈ తీరం రెండు దెబ్బలు తిన్నది. 17వ తేదీన గోపాల్‌పూర్ వద్ద ఒక తుఫాను, 29వ తేదీన పారాదీప్ వద్ద మహా తుఫాను. రెండవదానిలో దాదాపు 10,000 మంది మరణించినట్లు ప్రభుత్వ లెక్కలే చెప్పినవి. తుఫాను వచ్చుచున్నదని వాతావరణ శాఖకు తెలియకపోలేదు. తెలిసిన ఆ సంగతి సముద్రపు ఒడ్డున ఉన్న చివరి గుడిసె వరకు నడవలేదు. తరువాత రాష్ట్ర రాజధానికే బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోయినవి. సరదాకు రేడియో నడుపుకొనే హామ్ రేడియో ఔత్సాహికులు తమ సెట్లు మోసుకొని వచ్చి సందేశాలు అందించవలసిన పరిస్థితి ఏర్పడినది. ఫైలిన్ నాటికి దాదాపు 10 లక్షల మందిని ముందుగానే తరలించగలిగినందున ప్రాణనష్టం పదుల సంఖ్యకు పరిమితమైనది. ఈ రెండు తేదీల నడుమ మారినవి ఎన్నో ఉన్నవి. వాటిలో ఒకటి కబురు నడిచే దారి. ఈ ప్రసంగ విషయం ఆ దారిలోని ఒక చిన్న భాగం: వైర్‌లెస్ సెట్టు, అది పాటించే ప్రమాణం.

సెల్‌ఫోను ఒకరితో ఒకరు మాట్లాడుకొనుటకు పుట్టినది. వైర్‌లెస్ సెట్టు ఒకరు చెప్పగా వంద మంది వినుటకు పుట్టినది. బటన్ నొక్కినంతనే, అర సెకను లోపల, బృందమంతటికీ గొంతు వినిపించవలెను. టవరు కూలినా రెండు సెట్లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలగవలెను. ఈ రెండు గుణాల కొరకే పోలీసులు, రైల్వేలు, ఓడరేవులు, గనులవారు నేటికీ ఈ పరికరాన్ని వదలలేదు.

పాత అనలాగ్ సెట్లలో ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒకే సంభాషణ సాగును. తుఫాను రాత్రి అందరికీ ఒకేసారి మాట్లాడవలసిన అవసరం కలుగును. ఛానల్ మాత్రం ఒక్కటే. డిజిటల్ పద్ధతి ఈ ఇరుకును ఎట్లు తీర్చినదో తెలుసుకొనుటకు పాఠశాల కంటె మంచి ఉదాహరణ లేదు. ఒకే గది ఉన్నది, తరగతులు రెండు ఉన్నవి. గది మధ్య తడిక కట్టి రెండు తరగతులనూ ఒకేసారి నడపవచ్చును. లేదా తడిక లేకుండా ఉదయం ఒక తరగతి, మధ్యాహ్నం ఒక తరగతి, షిఫ్టు పద్ధతిన నడపవచ్చును. ఎన్‌ఎక్స్‌డిఎన్, డిపిఎంఆర్ అను ప్రమాణాలు తడిక కట్టినవి: 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పుగల ఛానల్‌ను 6.25 చొప్పున చీల్చినవి. డిఎంఆర్ అను ప్రమాణం షిఫ్టు పద్ధతిని ఎంచుకొన్నది. దాని షిఫ్టు ఒక్కొక్కటి సెకనులో వెయ్యవ వంతులు ముప్పై మాత్రమే. ఒక సంభాషణకు 30 మిల్లీసెకన్లు, మరొకదానికి 30, మరల మొదటిదానికి 30. చెవికి ఈ తెంపులు తెలియవు. రెండు సంభాషణలూ ఎడతెగకుండా సాగుచున్నట్లే వినబడును. సెట్టు సగం కాలమే ప్రసారం చేయును గనుక బ్యాటరీ కూడ ఎక్కువ సేపు నిలుచును. కరెంటు లేని మూడవ రోజున ఈ చిన్న లాభమే పెద్దదగును.

డిఎంఆర్ ప్రమాణాన్ని యూరప్‌కు చెందిన ఎట్సీ సంస్థ 2005లో ప్రచురించినది. అదే సంస్థ అంతకు పదేళ్ళ ముందు, 1995 ప్రాంతంలో, టెట్రా అను ప్రమాణాన్ని వెలువరించినది. అందులో 25 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో నాలుగు షిఫ్టులు. పెద్ద నగరాలకు, మెట్రో రైళ్ళకు అది అనువైనది. ఢిల్లీ మెట్రో దానినే వాడుచున్నది. కాని దానికి స్టేషన్లు దగ్గర దగ్గరగా కావలెను, ఖర్చు ఎక్కువ. అమెరికాలో 1989లో ఆరంభమైన పి25 మరొక కుటుంబం. పల్లెలు చెదురుగా ఉన్న పొడవాటి తీరానికి డిఎంఆర్ వంటి తేలికపాటి ప్రమాణమే సరిపోవునని చెప్పుట న్యాయం.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. బరంపురంలో పుట్టి పెరిగినవారికి అది చిరపరిచితం. ఈ ఊరిలో ఇంట తెలుగే మాట్లాడుచు, ఒడియా అక్షరాలు మాత్రమే చదువగలవారు ఎందరో ఉన్నారు. వారికి తెలుగులో ఉత్తరం వ్రాసినచో, అందులోని ప్రతి మాట వారికి తెలిసినదే అయినను, కాగితం మూగది. డిజిటల్ సెట్ల స్థితి ఇదే. టెట్రా సెట్టులోనిదీ మనిషి గొంతే, డిఎంఆర్ సెట్టులోనిదీ మనిషి గొంతే. కాని గొంతును అంకెలుగా మార్చి గాలిలో వ్రాసే లిపి వేరు. ఒకరి లిపి మరొకరు చదువలేరు. పాత అనలాగ్ సెట్లకు, ఎంత నాసిరకమైనను, ఒకే లిపి ఉండెను. సముద్రంలో ఓడలు, పెద్ద పడవలు అత్యవసర సమయంలో వాడే 16వ ఛానల్ నేటికీ అనలాగ్‌గానే ఉన్నది. ఏ దేశపు ఓడ పిలిచినను ఏ దేశపు ఓడ అయినను వినగలుగుటయే దాని విలువ. కొత్తది వచ్చినదని దానిని తొలగించుటకు ఎవరూ తొందరపడకపోవుట వివేకమే.

కలవని సెట్ల వలన ఎంత నష్టమో 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో లోకమంతా చూచినది. ఆకాశంలోని పోలీసు హెలికాప్టర్ల నుండి భవనం పడిపోనున్నదని హెచ్చరిక వచ్చినది. లోపల మెట్లు ఎక్కుచున్న అగ్నిమాపక సిబ్బంది సెట్లు పోలీసు సెట్లతో కలిసినవి కావు. ఆ రోజున 343 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. అందరి మరణానికీ అదే కారణమనుట సరికాదు. కాని హెచ్చరిక పుట్టిన చోటికి, అది అవసరమైన చోటికి నడుమ దారి లేకపోవుట మాత్రం నిజం. అమెరికా వంటి దేశానికే ఈ గతి పట్టినప్పుడు ఇక్కడివారు జాగ్రత్త పడుట తప్పు కాదు.

ఒడిశా ప్రభుత్వం 2018లో తీరమంతటికీ ముందస్తు హెచ్చరికల వ్యవస్థను ఏర్పాటు చేసినది. గంజాం సహా ఆరు తీర జిల్లాలలో, దాదాపు 480 కిలోమీటర్ల తీరం పొడవునా, 122 చోట్ల సైరన్ గోపురాలు నిలిచినవి. భువనేశ్వర్‌లోని కేంద్రం నుండి జిల్లాకు, జిల్లా నుండి బ్లాకుకు, బ్లాకు నుండి తీరానికి కబురు పోవుటకు ఒక్క దారిని నమ్ముకొనలేదు. ఉపగ్రహ ఫోన్లు ఉన్నవి, సెల్‌ఫోన్లకు సామూహిక సందేశాలు ఉన్నవి, డిఎంఆర్ వైర్‌లెస్ ఉన్నది. వేర్వేరు లిపుల పరికరాలను ఒకదానితో ఒకటి కలిపే దుబాసీ వంటి యంత్రం కూడ ఉన్నది. ఒక దారి మూసుకొన్నచో మరొకటి తెరచి ఉండవలెనను ఈ ఆలోచన 1999 నేర్పిన పాఠం.

అయితే తుఫానుకు రాష్ట్ర సరిహద్దు తెలియదు. ఆ ఏడే అక్టోబర్ 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి, అటు ఉద్దానాన్ని, ఇటు గంజాం, గజపతి జిల్లాలను కలిపి ముంచినది. ఇచ్ఛాపురంలో పలికిన మాట గిరిసోలాలో వినబడవలెనన్నచో రెండు సెట్లూ డిఎంఆర్ అయినంత మాత్రాన చాలదు. పౌనఃపున్యం ఒకటి కావలెను. సున్న నుండి పదిహేను వరకు ఉండే కలర్ కోడ్ అను సంఖ్య ఒకటి కావలెను. షిఫ్టు ఒకటి, బృందం సంఖ్య ఒకటి కావలెను. రహస్య సంకేతం వాడినచో దాని తాళం చెవి ఇద్దరి వద్దా ఉండవలెను. వీటిలో ఒక్కటి తప్పినను సెట్టు పని చేయుచున్నట్లే కనిపించును, మాట మాత్రం వినబడదు. ప్రమాణం కాగితం మీద ఒకటే. కలుపుకొనుట మనుషుల పని. అది ఎండ కాయుచున్న రోజున, ఇరువైపుల అధికారులు ఒక బల్ల చుట్టూ కూర్చొని చేయవలసిన పని.

డిజిటల్ సెట్టుకు ఒక దుర్గుణం ఉన్నది. దానిని అమ్మేవారు అంతగా చెప్పరు. అనలాగ్‌లో దూరం పెరిగిన కొలది గొంతు వెనుక బుసబుస శబ్దం పెరుగును. అనుభవజ్ఞుడైన ఆపరేటరు ఆ శబ్దం విని, ఇంకొంచెం పోయినచో సంబంధం తెగునని గ్రహించి, డాబా మీదికి ఎక్కును. డిజిటల్‌లో చివరి అంచు వరకు గొంతు దాదాపు స్వచ్ఛంగా వినబడును. అంచు దాటినంతనే ఏమీ వినబడదు. హెచ్చరిక లేని నిశ్శబ్దం అది. కనుక ఏ ఆశ్రయ భవనంలో ఏ మూల నుండి సెట్టు పలుకునో ముందుగా నడచి చూచి గుర్తు పెట్టుకొనుట తప్పనిసరి.

చివరి అంగ ఏ ప్రమాణంలోనూ వ్రాయబడలేదు. సైరన్‌కు భాష లేదు, మాటకు ఉన్నది. గంజాం తీరాన నోలియా మత్స్యకారుల పల్లెలలో ఇంటి భాష తెలుగు. భువనేశ్వర్ నుండి బయలుదేరిన కబురు ఏ భాషలో వచ్చినను, చివరికి ఆ ఒడ్డున ఎవరో ఒకరు దానిని తెలుగులో పలుకవలెను. ఈ పాఠశాలలో అక్షరాలు దిద్దినవారు కాని, వారి పిల్లలు కాని ఏదో ఒకనాడు ఆ సెట్టు చేత పట్టవలసి రావచ్చును. అప్పుడు అక్కరకు వచ్చే సంగతి ఒకటి ఉన్నది.

బటన్ నొక్కిన వెంటనే మాట్లాడినచో మొదటి అక్షరాలు పోవును; సెట్టు దారి కుదుర్చుకొనుటకు ఒక క్షణం పట్టును. మాట ముగియకముందే వ్రేలు తీసినచో చివరి అక్షరాలు పోవును. ఇంగ్లీషులో నిషేధం వాక్యం మొదట వచ్చును గనుక అక్కడివారికి మొదటి తప్పు ప్రమాదకరం. తెలుగులో "వద్దు" అనునది చివర వచ్చును. "సముద్రంలోకి పోవద్దు" అను మాటలో తొందరపడి వ్రేలు తీసినచో అవతలివారికి వినబడేది "సముద్రంలోకి పో" అని మాత్రమే. అందుచేత తెలుగులో హెచ్చరిక చెప్పేవారు బటన్ నొక్కి, ఒక క్షణం ఆగి, "పోవద్దు, ఒడ్డునే ఉండండి" అని రెండు విధాలుగా చెప్పి, మాట పూర్తయిన తరువాత ఒకటి అని లెక్కించి, అప్పుడు వ్రేలు తీయవలెను.