డాబా ఎక్కే కుర్రవాడి చదువు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోలారు పలకల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి ఆదేశం. 2024 ఫిబ్రవరిలో పి.ఎం. సూర్యఘర్ పథకం వచ్చినప్పుడు దాని రాయితీ లెక్క మనలో చాలామందికి కంఠతా వచ్చేసింది. రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లు, ఆపైన మొత్తం 78,000. అది నేను చెప్పనక్కరలేదు. రాయితీ పోను మిగిలిన ఖర్చు మన జేబులోదే. కొందరికి అది గ్రాట్యుటీ సొమ్ము. ఆ పలకలను బిగించే కుర్రవాడు పని ఎక్కడ నేర్చుకున్నాడని మాత్రం మనలో ఎవరూ అడగడం లేదు.

మా వీధిలో ఒక ఇంటి మీద ఈ పని జరుగుతుంటే వెళ్ళి చూశాను. కుర్రవాడు పిట్టగోడ అంచున నడుముకు తాడు లేకుండా, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా నిలబడి తీగలు కలుపుతున్నాడు. ఎన్నాళ్ళు నేర్చుకున్నావు బాబూ అంటే, “మూడు రోజులు మా అన్నతో తిరిగాను తాతగారూ” అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అందుకు సంతోషించాను.

ఇంటి వైరింగు తెలిసినవాడికి ఇదెంత అని కొందరంటారు. విద్యుత్ శాఖలో స్తంభాల చుట్టూ తిరిగినవాణ్ణి, నేనొప్పుకోను. మన ఇంటి కరెంటు ఏ.సి. అది సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది గనుక స్విచ్చి తీసినప్పుడు లేచిన మెరుపు ఆరిపోతుంది. పలకల నుంచి వచ్చేది డి.సి., దానికి ఆ సున్నా లేదు. కరెంటు పారుతుండగా కనెక్టరు లాగితే ఆర్కు ఆరకుండా మండుతూనే ఉండవచ్చు. పలక ఒక్కటి 40, 50 వోల్టులే గాని, పదింటిని వరుసగా కలిపితే 400 దాటుతుంది. మెయిన్ ఆపినా ఎండ ఉన్నంతసేపు ఆ తీగలలో వోల్టేజి ఉంటుంది. మనం లైను ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో ఎల్.సి. తీసుకునేవాళ్ళం. సూర్యుడి దగ్గర ఎల్.సి. తీసుకోవడం ఎవరి తరం?

అందుకే ఈ పనికి వేరే చదువు ఏర్పడింది. 2015లో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ, గురుగ్రామ్ దగ్గరి జాతీయ సౌరశక్తి సంస్థ ద్వారా ‘సూర్యమిత్ర’ శిక్షణ ప్రారంభించింది. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ వంటి ట్రేడు చేసినవారికి వసతితో సహా మూడు నెలలు, 600 గంటలు, రుసుము లేకుండా నేర్పేలా దాన్ని రూపొందించారు. పలకలను దక్షిణానికి ఎంత వాలుగా నిలపాలి, ట్యాంకు నీడ పడితే వరుస దిగుబడి ఎలా పడిపోతుంది, ఎర్తింగు, ఎత్తున పనిచేసేటప్పుడు నడుముకు బెల్టు, ఇవన్నీ తెలియవలసినవే. చివర పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తారు. కంపెనీవారు రెండు రోజులు కూర్చోబెట్టి ఇచ్చే హాజరు కాగితం వేరు, ఇది వేరు. పైకి రెండూ ఒకేలా మెరుస్తాయి.

ఇంకొక మాట. ధ్రువపత్రం లైసెన్సు కాదు. విద్యుత్ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజరు కనుసన్నలలో జరగాలనేది మన కాలం నుంచీ ఉన్న నియమమే. విక్రేత పేరు పథకం జాబితాలో ఉందిగదా అని ఊరుకోకండి. జాబితాలో ఉన్నది సంస్థ, డాబా ఎక్కేది అది పంపిన మనిషి. అతడు జారిపడితే మీ వాకిట్లోనే పడతాడు.

మన ఇళ్ళలో ఐ.టి.ఐ. చదివి ఖాళీగా ఉన్న మనవలున్నారు. వారికి ఈ చదువు సంగతి చెప్పండి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు పనివారి పేర్లు, వారి పత్రాల నంబర్లు, అయిదేళ్ళ నిర్వహణ బాధ్యత అందులో రాయించుకోండి. దానికి ఒక నమూనా రాసి కార్యదర్శిగారికిచ్చాను. ప్రతులు భోజనాల హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. సెలవు.