పెన్నేటి గండి



గండి అను మాట వినినంతనే మన యానాం వారి గుండె ఝల్లుమనును. 1986 ఆగస్టులో గోదావరి పొంగిన రాత్రులను పెద్దలు మరువలేదు. 2022 జూలైలో వీధులలో నీరు నిలుచుట పిల్లలును చూచిరి. మనకు గండి యనగా ఏటిగట్టు తెగుట. కడప సీమలో ఆ మాటకే వేరొక యర్థము గలదు: ఏరు కొండను చీల్చుకొని పోయిన చోటు. ఆ గండిని చూచుటకే ఇటీవల మేము గండికోటకు పోయి వచ్చితిమి.

జమ్మలమడుగు నుండి దారి సుమారు పదిహేను కిలోమీటర్లు. ఎఱ్ఱని నేల, రాళ్లు, ముండ్లతుప్పలు. అది ఎడారి కాదు గాని, కొబ్బరితోటల నీడన పెరిగిన మన కన్నులకు ఎడారివలెనే తోచును. కోటలోని మసీదును, ధాన్యపు కొట్టును దాటి కొండకొసకు చేరువరకు ఏటి జాడయే తెలియదు. ఒక్కసారిగా పాదముల ముందు నేల తెగిపోవును. దాదాపు మూడువందల అడుగుల దిగువన పెన్న. ఇరువైపుల పేర్చిపెట్టినట్లు ఎఱ్ఱని రాతిపలకలు. ఆ రాళ్ల వయస్సు నూరుకోట్ల యేండ్లకు పైమాటయని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మేము నిలిచినచోట కాలుజారిన పట్టుకొనుటకేమియు లేదు. పిల్లల చేయి విడువరాదు.

పెమ్మసాని నాయకులు ఈ చోటునేల కోరుకొనిరో చెప్పనక్కరలేదు: కందకమును నదియే త్రవ్వి పెట్టినది. అయినను 1650 ప్రాంతమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా కోటను వశపరచుకొనెను. 1652లో ఆతనిని కలిసికొనుటకు ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే అచటికి వచ్చెను. ఫ్రెంచివారితో మనకున్న పాత చుట్టరికమును బట్టి ఈ మాట చెప్పితిమి.

కాని మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది కోట కాదు, నీరు. నందికొండలలో పుట్టి 597 కిలోమీటర్లు సాగి సముద్రమున కలియు పెన్నలో ఏడాదిలో చాల మాసములు ఇసుకయే కానవచ్చును. నేడు లోయకు ఎగువనున్న గండికోట జలాశయమునకు శ్రీశైలము నుండి కృష్ణాజలము వచ్చుచున్నది. అందు సుమారు 27 టి.ఎం.సి. నిలుపవచ్చును. 2020లో దానిని నింపుటకై తాళ్లప్రొద్దుటూరువారు ఇండ్లు విడువవలసి వచ్చినది. మనమును వరదకు ఇల్లు విడుతుము. నీరు తీయగనే తిరిగివచ్చి బురద కడుగుకొందుము. వారికి తిరిగివచ్చుట లేదు. పరుల పొలములు తడియుటకు వారి పెరళ్లు మునిగినవి.

పోదలచినవారు శీతకాలమున పోవుట మేలు. వేసవిలో ఆ రాళ్లపై నిలువలేము. త్రాగునీరు వెంట నుండవలెను. తోవ చూపువారు కోటనే చూపింతురు. అడిగి జలాశయపు గట్టునకు కూడ పోయి రండు.