కెమెరా ఎవరి సాక్షి?

(మసీదు కమిటీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భద్రత అనగానే మనకు తోచేవి మూడు: తాళం, మెటల్ డిటెక్టర్, సీసీ కెమెరా. వీటిని కొనడానికి చందాలు సులభంగానే వస్తాయి. చూసుకునే మనిషికి జీతమివ్వాలంటే మాత్రం చర్చ నెలల తరబడి సాగుతుంది.

తాళం సంగతి చిన్నదే. ఖరీదైన తాళం తెచ్చి, గొళ్ళేన్ని బయటికి కనిపించే నాలుగు స్క్రూలతో బిగిస్తాం. దొంగ తాళం జోలికే పోడు, స్క్రూలు విప్పుకుంటాడు.

మెటల్ డిటెక్టర్ పసిగట్టేది లోహాన్ని, పేలుడు పదార్థాన్ని కాదు. తాళంచెవులకూ, బెల్టు బకిల్‌కూ ఒకే తీరుగా మోగుతుంది. జుమా వేళ కొద్ది నిమిషాల్లో వందలమంది లోపలికి వచ్చేచోట ప్రతి మోతకూ ఆపి చూసేదెవరు? కొన్నాళ్ళకు ఆ మోత ఎవరి చెవికీ ఎక్కదు.

కెమెరా విషయం అంత తేలిక కాదు. 2007 మే 18న, శుక్రవారం, హైదరాబాద్ మక్కా మసీదు వజూఖానా వద్ద బాంబు పేలి తొమ్మిదిమంది మరణించారు. అనంతరం పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు. ఆపై మన యువకులు పలువురు నిర్బంధాలు అనుభవించి, చివరకు నిర్దోషులుగా బయటపడ్డారు. పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ 2018 ఏప్రిల్‌లో న్యాయస్థానం నేరం రుజువు కాలేదని విడుదల చేసింది. అందుచేత సాక్ష్యం మనకు రెండు విధాల అవసరం: చేసినవాడిని పట్టించడానికి, చేయనివాడిని విడిపించడానికి.

జనం గుమిగూడే స్థలాల్లో కెమెరాలుండాలనీ, దృశ్యాలను ముప్పై రోజులు భద్రపరచాలనీ 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతుంది. ప్రార్థనా స్థలాలూ అందులో ఉన్నాయి. కానీ కెమెరా గడియారం గంట తప్పితే ఇషా నమాజులో ఉన్న కుర్రవాడు ఆ వేళ అక్కడ లేనట్టే రికార్డవుతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉండదు. డీవీఆర్ పెట్టె కెమెరా కిందనే, అందరి చేతికీ అందే అరలో ఉంటుంది. పెట్టె పోతే సర్వమూ పోయినట్టే. హార్డ్ డిస్క్ నిండగానే పాతవి చెరిగిపోతాయి. ఏదైనా జరిగిన రోజే కాపీ తీసి వేరుచోట దాచకపోతే కెమెరా ఉండీ లేనట్టే. ఆ కాపీ కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధృవపత్రం జతచేయాలి, అందులో ఫైలు మారలేదని చూపే హాష్ విలువ ఉండాలి. పెట్టెను పోలీసులు తీసుకుపోతామంటే పంచనామా ప్రతి అడిగి పుచ్చుకోవాలి. ఇది శత్రుత్వం కాదు, హక్కు.

మన గుమ్మంలో కెమెరా అడిగే ప్రభుత్వాన్ని ఠాణా గుమ్మం సంగతీ అడుగుదాం. ప్రతి పోలీసు స్టేషన్‌లో లాకప్పుతో సహా, రాత్రి చూపు, శబ్దం నమోదయ్యే కెమెరాలుండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. దృశ్యాలను పద్దెనిమిది నెలలు, అంత వీలుకాని చోట కనీసం ఏడాది ఉంచాలన్నది. జిల్లాకొక పర్యవేక్షణ సంఘం ఉండాలన్నది. లాకప్పులో మనిషికి దెబ్బలు తగిలిన రాత్రే కెమెరా చెడిపోయిందంటే మేము నమ్మలేము.

ప్రతి కమిటీ ఈ నెలలోనే తమ ఠాణాలో ఎన్ని కెమెరాలు పనిచేస్తున్నాయో, ఎన్నాళ్ళ దృశ్యాలు నిల్వ ఉన్నాయో సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగాలని కోరుతున్నాం. ముసాయిదా దరఖాస్తులు బయట బల్లమీద ఉన్నాయి, వెళ్ళేటప్పుడు తీసుకోండి.